రెండు సుడులు

గిలక పిడి నాది.
రెండు రాతిగోడల మధ్య
ఓడ కడుపంత లావు గొట్టం
గొలుసుల మీద వేలాడుతుంటే
పైన మంచె మీంచి కేక పడేది:
"మలాకీ, ఒక పిసరు ఎత్తు."
ఎత్తేవాణ్ణి.
"ఇంకో పిసరు."
పైన చుక్క కదలకుండా ఉండాలంటే
కింద మనిషి తిప్పుతూనే ఉండాలి.
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు,
అరచేతులు చెప్పాయి.

అద్దం పోతపోసిన రాత్రీ ఉన్నాను.
రాగి, తగరం, కింద పీట్ గడ్డల మంట.
మా బురదనేల కోసి ఎండబెట్టిన గడ్డలే,
మా ఇంట్లో కుండ ఉడికించేవీ అవే.
నేల తవ్వి ఆకాశానికి కన్ను చేశామని
సారాకొట్లో గిల్‌ఫాయిల్ ముసలాడు అంటే
నురగ ఊదుకుంటూ నవ్వాం.

ఏప్రిల్లో,
మేం నాగలి అని పిలిచే ఏడు చుక్కల్లో
మేడి కొసకి కాస్త కింద
ఏదో మబ్బుతునక ఉందని పైన గుసగుసలు.
మూడు రాత్రులు తిప్పాను.
ఇనప పిడి మంచుకి చేతుల తోలు అంటుకుపోయేది.
నాలుగోనాడు తెల్లారగట్ల
బొమ్మలు గీసే థర్లో గారు దిగొచ్చి
లాంతరు కింద కాయితం పరిచాడు.
"చూడు, ఇన్నాళ్ళూ నువ్వు మోసింది దీన్నే."

ఒక సుడి.
జావలో గరిటె తిప్పి వదిలేసినట్టు
చేతులు చాచుకుంటూ చుట్టుకుపోతోంది.
ఒక చేతి చివర, వేలు పట్టుకున్నట్టు,
ఇంకో చిన్న సుడి.

"ఎంత దూరంలో ఉందండీ?"
ఆయన నోరు తెరిచి, మూసి,
పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది.
ఇది నాకు తెలిసిందే.
మా కార్మక్ గాడి నడినెత్తిన అచ్చం ఇలాగే
పెద్దదొకటి, పక్కనే పిల్లదొకటి.
రెండు సుడులున్నవాడికి సుడి కూడా రెట్టింపేనని
మంత్రసాని ఒక కోడిగుడ్డు ఎక్కువ పుచ్చుకుంది.
"నీ దుంప తెగ, ఎటు దువ్వినా ఎదురు తిరుగుతావేరా"
అని ఆదివారం ఆదివారం సబీనా
వాణ్ణి మోకాళ్ళ మధ్య బిగించి తిట్టేది.

సెప్టెంబరులో చేలు నల్లబడ్డాయి.
ముందు వాసనొచ్చింది.
తవ్వితే దుంప దుంపగా లేదు,
వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది ఏడాది తిండి.
ఆ తిట్టు ఏ చెవిన పడిందో అనుకుందేమో
సబీనా మళ్ళీ ఎవర్నీ ఏమీ అనలేదు.

గొట్టానికి గుడ్డ కప్పారు.
మమ్మల్ని రోడ్డు పనికి తోలారు.
ఆ రోడ్డు ఇప్పటికీ ఉంది, ఎక్కడికీ పోదు.
బురదదాకా వెళ్ళి ఆగిపోతుంది.

ఆకలికి ముందు జుట్టు పోతుందని నాకు తెలీదు.
పోయి, పసివాడి బుగ్గల మీద
ముసలి నూగు మొలుస్తుంది.
వాడి నెత్తిన మిగిలిన నాలుగు పోచలూ
అప్పటికీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి,
పిడి పట్టేవాడు లేకపోయినా.

ఫిబ్రవరిలో నేనొక్కణ్ణే ఎత్తుకెళ్ళాను.
ఒక పిసరు.

పదేళ్ళకి థర్లో గారు మళ్ళీ వచ్చాడు.
గడ్డం నెరిసింది.
గిలక దగ్గర ఎవడో కొత్త కుర్రాడు.
"ఇవాళ నువ్వెక్కు, మలాకీ" అన్నాడు.
ఎన్ని మెట్లో లెక్కపెట్టలేదు.
కన్ను ఆనించాను.

సుడి లేదు, చేతుల్లేవు.
చీకటి అద్దం మీద
ఎవరో దగ్గరగా ముఖం పెట్టి
ఊపిరి వదిలినంత తెలుపు.
రెండు చోట్ల.
థర్లో గారు పక్కనుంచి
"కళ్ళు అలవాటు పడాలి, ఆగు" అంటున్నాడు.
ఆగాను.
అది ఆగడం లేదు. అంచుకి జారిపోతోంది.
కింద కుర్రాడు కునుకు తీస్తున్నట్టున్నాడు.

"నీ దు..."
నాలుక కరుచుకున్నాను.

"ఒక పిసరు ఎత్తు, నాయనా" అన్నాను.